నాయనమ్మ గంగాళం, ఇత్తడి మంచం, ఉయ్యాల గొలుసులు: తూకానికి వేసేయాలా, ఫ్లాట్‌లో పెట్టుకోవాలా?

బ్రాడీపేట మనవడు | శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా నాయనమ్మ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఫర్నిచర్ మాకొద్దంటే మాకొద్దని నాన్న, బాబాయిలు చేతులు దులిపేసుకున్నారు. నేనొక్కడినే "చూద్దాంలే" అన్నాను, దాంతో మొత్తం నా నెత్తిన పడింది. నేనుండేది విజయవాడ పటమటలో, రెండు బెడ్‌రూముల ఫ్లాట్.

ఉన్నవి ఇవి. నాలుగు మూలలా ఇత్తడి బొడిపెలున్న పందిరి మంచం. టేకు ఉయ్యాల బల్ల, దానికి నాలుగు గొలుసులు, గొలుసుల్లో చిలకలు, ఏనుగులు. మూలలకి ఇత్తడి పట్టీలు కొట్టిన భోషాణం. పెరట్లో నీళ్లు కాచుకునే బాయిలర్. అన్నిటికంటే పెద్దది గంగాళం. నల్లగా మసిబొగ్గులా ఉంది, ఇద్దరం పడితేగానీ లేవలేదు.

పాత సామాన్లు కొనే ఆయన వచ్చి అన్నీ తట్టి చూసి "అంతా ఇత్తడి రేటే సార్, పాతది కాబట్టి తరుగు కూడా పోతుంది" అన్నాడు. మా ఆవిడ గంగాళం ఒక్కటి హాల్లో పెడదాం, మిగతావి ఎక్కడ పెడతావు అంటోంది. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఇంటీరియర్ చేసే కుర్రాడేమో "ఇప్పుడు కాపర్ ట్రెండ్ నడుస్తోంది సార్" అని కాపర్ ఫినిష్ టేబుళ్ల ఫొటోలు పంపుతున్నాడు. ఇంట్లో రాగి పెట్టుకుని రాగి రంగు టేబుల్ కొనడమేంటో నాకర్థం కాలేదు.

ఏది ఉంచాలి, ఏది అమ్మాలి? అసలు ఏది రాగో ఏది ఇత్తడో ఎలా తెలుసుకోవాలి?

పటమట వదిన | శనివారం, రాత్రి 9:40

అమ్మొద్దు బాబూ. ఇది సలహా కాదు, బతిమాలడమే అనుకో. నా పెళ్లికి ముందు మా అమ్మ రెండు రాగి బిందెలు, ఒక గుండిగ ఇచ్చేసి స్టీలు డబ్బాల సెట్టు తీసుకుంది. తోమే బాధ తప్పిందని నెల్లాళ్లు మురిసిపోయింది. ఆ డబ్బాల మూతలు ఇప్పుడు ఒక్కటీ సరిగ్గా పట్టవు. బిందెలు ఎవరింట్లోనో పూలు పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంటాయి.

మంచం మాత్రం నల్లులు చూసుకుని తీసుకో.

ఆటోనగర్ అన్న | శనివారం, రాత్రి 10:05

తమ్ముడూ, రేపు వెళ్లేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం, ఒక చిన్న ఆకురాయి వేసుకెళ్లు.

ముందు మంచం గొట్టాలకి అయస్కాంతం పెట్టు. అంటుకుంటే లోపల ఇనప గొట్టం, పైన పల్చటి ఇత్తడి రేకు చుట్టారన్నమాట. అలాంటి మంచాలు బోలెడు. అది మోసం కాదు, ఆ మంచాలు చేసే పద్ధతే అది. వట్టి ఇత్తడి గొట్టం మనిషి బరువుకి వంగుతుంది. తర్వాత గంగాళం అడుగున, ఎవరికీ కనపడని చోట, ఆకురాయితో రెండు గీతలు గియ్యి. ఎర్రగా, కొత్త కరెంటు తీగ ఒలిచినప్పుడు కనిపించే రంగు వస్తే రాగి. పసుప్పచ్చగా వస్తే ఇత్తడి. కంచు అయితే ఇంకా పాలిపోయినట్టుంటుంది, మెటికతో కొడితే చాలాసేపు మోగుతుంది.

పైన కనిపించే నలుపు చూసి ఎవరు ఏది చెప్పినా నమ్మకు. నలుపు అన్నిటికీ ఒకటే.

కెమిస్ట్రీ మాష్టారు | శనివారం, రాత్రి 10:31

అన్న చెప్పింది సరైన దారి. కొందరు నీళ్లలో ముంచి తూచమంటారు. ఉదాహరణకి 890 గ్రాముల చెంబు ముంచితే 100 మిల్లీలీటర్ల నీళ్లు పొర్లాయంటే అది రాగి లెక్క. అదే బరువున్న ఇత్తడి చెంబు ఇంచుమించు 105 పొర్లిస్తుంది. వంటింటి కొలపాత్రతో ఆ 5 మిల్లీలీటర్ల తేడా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. రంగే నయం.

రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. గంటలు పోసే కంచులో తగరం నూటికి ఇరవై పైనే ఉంటుంది, అందుకే మోగుతుంది, అందుకే కింద పడితే పగులుతుంది. కంచు వయసు ఇత్తడి కంటే బాగా ఎక్కువ. కారణం తుత్తునాగమే. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, తుత్తునాగం 907 డిగ్రీలకే ఆవిరై ఎగిరిపోతుంది. కొలిమిలో దాన్ని పట్టి ఉంచడమే పెద్ద విద్య. ఆ ఆవిరిని మూస కిందికి దింపి చల్లబరిచి లోహంగా తీయడంలో మన రాజస్థాన్‌లోని జావర్ వాళ్లు ఐరోపా కంటే ఎన్నో వందల ఏళ్లు ముందున్నారు.

బ్రాడీపేట మనవడు | ఆదివారం, సాయంత్రం 6:20

మాష్టారూ, అన్నా, ఇద్దరికీ థాంక్స్. పొద్దున్నే వెళ్లొచ్చాను.

మంచం నిలువు గొట్టాలకి అయస్కాంతం ఠక్కున అంటుకుంది. బొడిపెలకి అంటుకోలేదు. గొలుసులు ఇత్తడి, భోషాణం పట్టీలూ ఇత్తడే. గంగాళం అడుగున గీస్తే ఎర్రటి ఎరుపు! బాయిలర్ కూడా రాగే. అంటే ఆ పాత సామాన్ల ఆయన ఇంట్లో అన్నిటికంటే బరువైన రెండు రాగి వస్తువులకి ఇత్తడి రేటు కట్టాడు. ఆకురాయి చూపించి అడిగితే నవ్వి "అదే సార్, రెండూ ఒక జాతే కదా" అన్నాడు. జాతి ఒకటే, రేటు ఒకటి కాదు!

గంగాళం అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. మసి తుడిస్తే "...మ్మకు పుట్టింటివారు" అని ఉంది. ముందు అక్షరాలు అరిగిపోయాయి. నాయనమ్మ పేరులోనూ, ఆవిడ అత్తగారి పేరులోనూ చివర "మ్మ" ఉంది. ఇద్దరిలో ఎవరిదో నాన్నకి కూడా తెలియదు.

పటమట వదిన | ఆదివారం, సాయంత్రం 6:33

ఇంకేం అమ్ముతావు. అయిపోయింది.

మ్యూజియం పిచ్చి | ఆదివారం, రాత్రి 8:50

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను, కొంచెం పెద్ద పోస్టు, క్షమించాలి.

మీ సామాన్లలో రాగి, ఇత్తడి ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించారా? మంచానికి కీళ్ల దగ్గర, పెట్టెకి మూలల్లో, ఉయ్యాలకి వేలాడే చోట. నా ఉద్దేశంలో ఫర్నిచర్‌లోకి ఈ లోహం అందం కోసం రాలేదు. చెక్క అరిగిపోయే చోట, విరిగే చోట, చెయ్యి పదేపదే పడే చోట కాపలాకి వచ్చింది. అందం తర్వాత అంటుకుంది.

దీనికి నాకిష్టమైన సాక్ష్యం మీ పందిరి మంచానికి ముత్తాతలాంటిది. ఈజిప్టులో గొప్ప పిరమిడ్ కట్టించిన ఖుఫు తల్లి హెటెఫెరెస్ రాణి సామాను 1925లో గీజాలో దొరికింది. అందులో మంచం, కుర్చీతోపాటు ఊడదీసి మళ్లీ బిగించుకునే పందిరి చట్రం ఉంది. నాలుగున్నర వేల ఏళ్ల నాటిది. పైనంతా బంగారు రేకు. కమ్మీ వచ్చి గూట్లో దిగే కీళ్ల దగ్గర మాత్రం రాగి తొడుగులు వేశారు. రాణీగారు ప్రయాణమైనప్పుడల్లా విప్పి బిగించాలి కదా, వట్టి చెక్క అయితే నాలుగుసార్లకే వదులైపోతుంది. ఆ కాలానికి దగ్గర్లోనే అబూసీర్‌లో సహురే రాజు గుడికి మురుగునీళ్లు పోవడానికి రాగి గొట్టాలు వేశారు. ప్లంబింగ్‌లో కూడా రాగి అప్పటినుంచీ ఉందన్నమాట.

రోమన్లు కంచు కాళ్ల మంచాల మీద ఒరిగి భోంచేసేవాళ్లు. తల ఆనించే వంపు దగ్గర గుర్రం తలో, కంచరగాడిద తలో పోతపోసి బిగించేవాళ్లు. మీ గొలుసుల్లో చిలకలు, ఏనుగులు ఉన్నట్టే అనుకోండి. రాగికి లాటిన్‌లో ఉన్న కుప్రమ్ అనే పేరు సైప్రస్ ద్వీపం నుంచి వచ్చింది, అక్కడి గనులు అంత పేరుమోసినవి.

తర్వాత పదిహేడో శతాబ్దపు పారిస్‌కి రండి. పద్నాలుగో లూయీ కొలువులో ఆంద్రే షార్ల్ బూల్ అనే వడ్రంగి ఇత్తడి రేకునీ తాబేటి చిప్పనీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి లతల డిజైన్ కోసేవాడు. చిప్పలో ఇత్తడి లత పొదిగితే ఒక బీరువా. మిగిలిన ఇత్తడిలో చిప్ప లత పొదిగితే దానికి జోడీ బీరువా. ఒక్క ముక్క వృథా కాదు. అక్కడ మాత్రం లోహం పూర్తిగా షోకుకే. ఆ రోజుల్లోనే ఫర్నిచర్‌కి బిగించే కంచు తొడుగుల మీద బంగారం పాదరసంలో కలిపి పూసి, నిప్పుల మీద పాదరసాన్ని ఎగరగొట్టేవాళ్లు. ఆ పొగ పీల్చిన పనివాళ్ల గతి చెప్పక్కర్లేదు.

మన దగ్గర బంగారు పూత ఇంటి సామానుకి కాకుండా గుడికి చేరింది. తిరుమల ఆనంద నిలయం బంగారు తాపడం కింద ఉన్నది రాగి రేకే. ధ్వజస్తంభానికి కర్ర కనపడకుండా వేసే తొడుగూ ఈ కుటుంబమే. జనగామ దగ్గర పెంబర్తి వాళ్లకి ఇత్తడి రేకు మీద బొమ్మ లేపే పని కాకతీయుల కాలం నుంచీ ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితి వాళ్లు పాత్రలు, కుందులు పోతపోస్తారు. మన పక్కనే బాపట్ల వైపు బుద్ధాంలో దొరికిన బుద్ధుడి కంచు విగ్రహాలు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి ఫర్నిచర్ కాదు, తెలుసు. మన పాత గుంటూరు జిల్లా పేరు వస్తే చెప్పకుండా ఉండలేను.

పటమట వదిన | ఆదివారం, రాత్రి 9:12

కోయగా మిగిలిన ముక్కలతో రెండో బీరువా! ఆ బూల్ గారు మా అత్తగారి మనిషే. ఆవిడ లంగా కుట్టగా మిగిలిన ముక్కతో జాకెట్టు, జాకెట్టులో మిగిలిన దాంతో సంచీ కుట్టేది.

మ్యూజియం పిచ్చి | ఆదివారం, రాత్రి 9:20

వదినగారూ, మీ నల్లుల మాట కూడా చరిత్రే. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇత్తడి, ఇనప మంచాలు అంతగా అమ్ముడుపోవడానికి పెద్ద కారణం నల్లులే. చెక్క మంచం కీళ్లలో అవి కాపురం పెడతాయి, లోహపు గొట్టంలో పట్టు దొరకదు. బర్మింగ్‌హామ్‌లో వీటి కార్ఖానాలు ఉండేవి, అక్కడి మంచాలు మన దేశానికీ ఓడల్లో వచ్చేవి. మనవడిగారి మంచం అక్కడిదో, దాన్ని చూసి ఇక్కడ చేసిందో గొట్టం చివర ముద్ర ఉందేమో చూస్తే తెలుస్తుంది.

భోషాణం మూలల పట్టీలకీ అలాంటి చుట్టం ఉంది. కంపెనీ రోజుల్లో దొరలు మకాం మారినప్పుడల్లా బల్లలు, సొరుగుల పెట్టెలు విడదీసి ఎడ్లబండి ఎక్కించేవాళ్లు. దెబ్బ తగిలేది మూలలకే కాబట్టి అక్కడ ఇత్తడి కొట్టేవాళ్లు, పిడి పైకి పొడుచుకు రాకుండా చెక్కలోకే దింపేవాళ్లు. ఇప్పుడు షోరూముల్లో అదే డిజైన్ కదలని టేబుళ్లకి వేసి అమ్ముతున్నారు.

పటమట వదిన | ఆదివారం, రాత్రి 9:31

మరి మా పుట్టింట్లో నవారు మంచం కీళ్లలో మరిగే నీళ్లు పోసేవాళ్లం, ఆదివారం ఆదివారం. గొట్టం మంచాలు మాకెక్కడివి.

ఇంటీరియర్ బుజ్జి | సోమవారం, ఉదయం 11:05

అందరూ కాపర్ ఫినిష్ అనగానే విలన్‌ని చూసినట్టు చూస్తున్నారు. నేను ఆ పనిలో ఉన్నాను కాబట్టి రెండు మాటలు.

టేబుల్ మొత్తం రాగితో చేస్తే మామూలు మనిషి కొనలేడు. కొన్నా, రాగి మెత్తన. పిల్లాడు స్పూనుతో కొడితే సొట్ట. చెమట చెయ్యి పడితే వేలిముద్ర మచ్చై కూర్చుంటుంది. అందుకే స్టీలు మీద రాగి రంగు పూత వేస్తారు. మంచి పూత ఉంది, చెత్త పూత ఉంది. తేడా తెలియక అన్నీ ఒకటే అనుకుంటారు.

రాగి అందంగా పని చేసేది దీపాల దగ్గర. వెలుతురుని కొంచెం ఎర్రగా, వెచ్చగా తిప్పి పంపుతుంది. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1958లో కోపెన్‌హాగెన్‌లో ఒక రెస్టారెంట్ కోసం చేసిన ఆర్టిచోక్ దీపం చూడండి. 72 రాగి రేకులు, ఎక్కడ కూర్చుని చూసినా బల్బు కంట్లో పడదు, వెలుతురు మాత్రం వస్తుంది. ఇప్పటికీ దాన్ని చూసి కాపీలు కొడుతూనే ఉన్నాం, నేనూ కొట్టాను.

మనవడుగారూ, గంగాళం హాల్లో పెట్టి, దాని పక్కన కాపర్ ఫినిష్ మాత్రం పెట్టకండి. అసలు పక్కన నకిలీ వెంటనే దొరికిపోతుంది. ఇది నా వ్యాపారానికే నష్టం, అయినా చెబుతున్నాను.

బ్రాడీపేట మనవడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

బుజ్జిగారూ, మీ మీద కోపం లేదు. మా తోడల్లుడు కిందటేడు ఒక షాపులో కాపర్ ఫినిష్ టేబుల్ కొన్నాడు. "ప్యూర్ కాపర్ కోటింగ్, లైఫ్‌టైమ్" అన్నారట. వానాకాలం రాగానే కాళ్ల మీద చిన్న చిన్న పొక్కులు. గోరుతో గీకితే పొర లేచి కింద ఎర్రగా కనిపించింది. పాపం, రాగి అనుకుని ఇంకా సంతోషపడ్డాడు. అది తుప్పు! షాపువాళ్లని అడిగితే తడిగుడ్డతో తుడిచారా అని ఎదురు ప్రశ్న.

మిర్చి రైతు | సోమవారం, సాయంత్రం 7:48

నేను ప్రత్తిపాడు దగ్గర వ్యవసాయం చేస్తాను. ఫర్నిచర్ గురించి నాకు తెలియదు కానీ ఆ పూత సంగతి మాకు ఏటా కనిపిస్తుంది.

తోటకి తెగుళ్లు రాకుండా బోర్డో మిశ్రమం కలుపుతాం. ఒక శాతం మందుకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు. మైలుతుత్తం అంటే రాగి ఉప్పే కదా. ఇనప బకెట్లో కలపకూడదని పెద్దోళ్లు చెబుతారు. కలిపాక కొడవలి కొస ఒక్క నిమిషం ముంచి తీస్తాం. సున్నం చాలకపోతే కొడవలి ఎర్రగా రాగి రంగుకి తిరుగుతుంది. అప్పుడు ఇంకొంచెం సున్నం పోస్తాం, లేకపోతే ఆకు మాడిపోద్ది. ఆ ఎరుపు బొటనవేలితో తుడిస్తే పోతుంది. మీ తోడల్లుడు గారి టేబుల్ కథ వింటే నాకు ఆ కొడవలే గుర్తొచ్చింది.

ఇంకోటి. మాష్టారు తుత్తునాగానికి రాజస్థాన్ పేరు చెప్పారు, రాగికైతే మన పల్నాడులోనే అగ్నిగుండాల దగ్గర నల్లకొండ, ధూకొండల్లో రాగి ఖనిజం ఉంది. పక్కన బండ్లమొట్టులో సీసం తవ్వారు.

కెమిస్ట్రీ మాష్టారు | సోమవారం, రాత్రి 8:30

రైతుగారూ, ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను. కొడవలిలోని ఇనుము కరిగి నీళ్లలోకి పోతుంది, నీళ్లలోని రాగి వచ్చి ఆ చోట కూర్చుంటుంది. తొందరపడి వచ్చిన రాగి కాబట్టి పట్టు ఉండదు. ఫ్రాన్స్‌లో బోర్డో ద్రాక్షతోటల్లో మిలార్డే అనే ఆయన 1885లో ఈ మందుని లోకానికి చెప్పాడు.

ఆటోనగర్ అన్న | సోమవారం, రాత్రి 9:02

ఆ టేబుల్ మైల్డ్ స్టీలు మీద కరెంటు పూత, దాని మీద లక్క. లక్క గీసుకుపోయిన చోట తేమ దిగి తుప్పు లేపింది. బుజ్జి చెప్పిన మంచి పూత వేరే, స్టెయిన్‌లెస్ మీద గాలి తీసేసిన పెట్టెలో పట్టిస్తారు, పీవీడీ అంటారు. గట్టిగా ఉంటుంది. కానీ అందులో చాలావాటిలో రాగి ఉండదు, రంగు ఒకటే రాగిది. జాగ్రత్త, దాని కింద వాడే స్టెయిన్‌లెస్‌కి చాలావరకు అయస్కాంతం అంటుకోదు, కాబట్టి నేను చెప్పిన పరీక్ష అక్కడ పనిచేయదు. చింతపండు పరీక్ష పనిచేస్తుంది. మసకబారిన చోట రుద్దితే రాగి నిగనిగలాడుతుంది, పూత అయితే అలాగే చూస్తూ కూర్చుంటుంది.

బ్రాడీపేట మనవడు | మంగళవారం, ఉదయం 7:50

అసలు ప్రశ్నకి వస్తున్నా. గంగాళం తోమించాలా, వద్దా? ఇంట్లో ఇదే గొడవ. నాకు ఆ నలుపు బాగుంది. అమ్మేమో "పాచి ఇల్లనుకుంటారు, తోమించు" అంటోంది.

బందరు బుల్లెమ్మ | మంగళవారం, ఉదయం 9:10

తోమించండి. లేకపోతే పచ్చగా చిలుము పట్టి గుడ్డలకి అంటుకుంటుంది. మా గేటుకి ఇత్తడి పేరుపలక ఉంది, నాలుగు నెలలు వదిలేస్తే పేరు కనపడదు.

కెమిస్ట్రీ మాష్టారు | మంగళవారం, ఉదయం 10:25

అమ్మా, మీది సముద్రపు గాలి, ఉప్పు ఉంటుంది. పైగా గేటు మీద వాన పడుతుంది. పటమటలో హాల్లో పెట్టిన రాగి పచ్చబడదు, ముదురు గోధుమరంగుకో నలుపుకో వచ్చి అక్కడే ఆగుతుంది. న్యూయార్క్‌లో స్వేచ్ఛా దేవత విగ్రహం 1886లో నిలబెట్టినప్పుడు రాగి రంగులోనే ఉంది. రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. ఆకుపచ్చగా మారడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టింది. ఆ పచ్చపొరే ఇప్పుడు కింది రేకుని కాపాడుతోంది.

తోమడం గురించి. చింతపండులో ఉన్న ఆమ్లం నల్లపొరని కరిగిస్తుంది, ఉప్పు సాయం చేస్తుంది. ఆ నల్లపొర ఒకప్పుడు రాగే. అంటే తోమిన ప్రతిసారీ పాత్ర కాసింత సన్నబడుతుంది. మీ గంగాళం మీద పేరు ఎందుకు అరిగిపోయిందో ఇప్పుడు తెలిసిందా? రాగి మెత్తన, పైగా ఇటుక పొడి, కొబ్బరి పీచు.

పటమట వదిన | మంగళవారం, ఉదయం 11:00

మాష్టారూ, పేరు అరిగిందంటే ఆవిడ ఆ గంగాళాన్ని ఎంత బాగా చూసుకుందో అని నేననుకుంటాను. ప్రతి పండక్కీ తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టి, నీళ్లు నింపి మామిడాకు వేసేవాళ్లు. అది మ్యూజియం వస్తువు కాదు. నల్లగా వదిలేసి "ఆహా, పాతదనం" అనడం తోమే ఓపిక లేనివాళ్ల మాట.

మ్యూజియం పిచ్చి | మంగళవారం, ఉదయం 11:18

కొట్టించుకున్న అక్షరాల మీద మాలాంటివాళ్లు పీచు వేయరండీ. మిగిలిన నాలుగు అక్షరాలు కూడా పోతే ఆ పుట్టింటివారు ఎవరో అడగడానికి కూడా ఆనవాలు ఉండదు. తడి మెత్తటి గుడ్డ, తర్వాత పలచగా తేనెమైనం. అంతే.

పటమట వదిన | మంగళవారం, ఉదయం 11:24

సరే, అక్షరాల చుట్టూ వదిలేసి మిగతాది తోముకోండి. ఇద్దరికీ సగం సగం.

బందరు బుల్లెమ్మ | మంగళవారం, ఉదయం 11:40

ఇత్తడి గొలుసుల్ని మాత్రం రాత్రంతా చింతపులుసులో నానబెట్టకండి. నేను దేవుడి గంటని అలా చేస్తే పొద్దుటికి గులాబీ రంగు మచ్చలు తేలాయి. ఎంత తోమినా పోలేదు.

కెమిస్ట్రీ మాష్టారు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

అది మచ్చ కాదమ్మా. పులుపు తుత్తునాగాన్ని తినేసి రాగిని మాత్రం మిగిల్చింది. అయిదు నిమిషాలు రుద్ది కడిగేసి, పొడిగుడ్డతో తుడవాలి.

పిడులు, గొళ్ళాలు ఉంటే లక్క వేయించకండి. రాగి, ఇత్తడి మీద సూక్ష్మక్రిములు కొన్ని గంటలకి మించి బతకవు, 2008లో అమెరికా పర్యావరణ సంస్థ కూడా దీన్ని నమోదు చేసింది. కానీ లోహం చేతికి తగిలితేనే ఆ గుణం. పైన లక్క పూసాక చెయ్యి తగిలేది లక్కకి.

ఇంటీరియర్ బుజ్జి | మంగళవారం, మధ్యాహ్నం 12:40

రాగి బాటిల్‌లో రాత్రంతా నీళ్లు పోసి తాగితే మంచిదని మా ఆవిడ

మోడరేటర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:52

బాటిల్ చర్చ ఇక్కడ వద్దు. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే 300 పోస్టులు కొట్టుకుంటున్నాయి.

బ్రాడీపేట మనవడు | మంగళవారం, రాత్రి 9:30

గంగాళంలో ఒక మొక్క పెడదామంటోంది మా ఆవిడ. వీడియోల్లో భలే ఉంటాయి కదా.

మిర్చి రైతు | మంగళవారం, రాత్రి 9:44

మట్టి నేరుగా పోయకండి. పైన తెగులుని చంపే రాగే కింద వేరుకీ మంచిది కాదు. కుండీతో సహా లోపల పెట్టుకోండి, నీళ్లు కారకుండా కింద పళ్ళెం పెట్టండి.

పటమట వదిన | మంగళవారం, రాత్రి 9:58

పులిహోర కలిపేద్దామని కూడా అనుకోకు. లోపల కళాయి, అంటే తగరం పూత, లేకపోతే పులుపు తగలకూడదు. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయి వేసే ఆయన వచ్చేవాడు. నేలలో గుంట తీసి, తిత్తితో బొగ్గులు రాజేసి, పాత్ర ఎర్రగా కాలుతుండగా నవాసారం చిటికెడు చల్లేవాడు. గుప్పుమని తెల్లటి పొగ, ముక్కులోకి పోతే కళ్లలో నీళ్లు. ఆ పొగలోనే తగరం కడ్డీ అలా ఒక్కసారి తాకించి, దూది ఉండతో గిర్రున తుడిస్తే లోపలంతా వెండిగిన్నె. నేను బడికి ఆలస్యమయ్యేదాన్ని.

బ్రాడీపేట మనవడు | శుక్రవారం, రాత్రి 10:10

అప్‌డేట్. బాయిలర్ చిన్నబాబాయి పట్టుకెళ్లాడు, ఈ చర్చలో మాష్టారి మాటలు చదివి. రాగి ఇనుము కంటే అయిదు రెట్లు వేడిని లాగుతుందని ఎక్కడో చదివి గీజర్ తీసేస్తానంటున్నాడు, పిన్ని ఒప్పుకోలేదు. మంచం మా చెల్లి తీసుకుంది. గొట్టం చివర ముద్ర ఏమీ లేదు. భోషాణం హాల్లో టీవీ కింద సరిగ్గా పట్టింది. బుజ్జిగారూ, టేబుల్ ఆర్డర్ క్యాన్సిల్ చేశాను, మీ తోటి వ్యాపారి కుర్రాడికి చెప్పలేక చెప్పాను.

గంగాళం గుమ్మం పక్కన పెట్టాం. వదినగారి తీర్పే అమలు చేశాం. అమ్మ సగం తోమింది, అక్షరాల చుట్టూ జానెడు మేర నల్లగా వదిలేశాం. చూడ్డానికి కొంచెం వింతగా ఉంది, వచ్చినవాళ్లందరూ వంగి ఏముందా అని చదువుతున్నారు.

అసలు విషయం ఉయ్యాల. గొలుసులు విప్పించాం. బల్ల కిందివైపు బోల్టుల్లో మూడింటికి ఇనప వాషర్లు, తుప్పుపట్టి చెక్కని కూడా తినేశాయి. నాలుగోదాని కింద నల్లటి బిళ్ల. కడిగితే చిల్లుకాణీ! 1944 అని ఉంది. చెక్క మీద దాని కింద మాత్రం ఒక్క మరక లేదు. అప్పట్లో వాషర్ దొరక్క తాతయ్య వేయించి ఉంటాడు. చేతిలో ఎర్ర ఏగానీ లేదంటారు, మా ఇంట్లో ఇన్నాళ్లూ ఉయ్యాల కిందే ఉంది.

మ్యూజియం పిచ్చి | శుక్రవారం, రాత్రి 10:22

అబ్బ! యుద్ధం రోజుల్లో 1943 నుంచి 1947 వరకు చిల్లు పెట్టి కొట్టిన కంచు పైసా అది. చిల్లు వల్ల లోహం ఆదా అయింది. వాషర్లుగా వాడేవాళ్లని విన్నాను, చూడలేదు. ఫొటో పెట్టండి, ప్లీజ్. తోమకుండా!

బ్రాడీపేట మనవడు | శుక్రవారం, రాత్రి 10:25

అమ్మ ఇప్పటికే తోమేసింది.

రేపు వడ్రంగి వస్తాడు. కాణీనే మళ్లీ నాలుగో బోల్టుకి వేయమన్నాను.

ఆటోనగర్ అన్న | శుక్రవారం, రాత్రి 10:41

తమ్ముడూ, ఆగు. సెంటిమెంటు సరే, ఆ బిళ్ల పల్చన. బోల్టు లాగే చోట ఒక్క కాణీ మీద భారం వేయకు. ముందు స్టెయిన్‌లెస్ వాషర్, చెక్కకి ఆనుకుని కాణీ. పైన స్లాబుకి కొక్కెం వేస్తుంటే పెచ్చుకి కాదు, బీమ్‌కి వేయించు. బోల్టు ఎంత మందం?

బ్రాడీపేట మనవడు | శుక్రవారం, రాత్రి 10:44

కొలవలేదన్నా. ఇప్పుడే టేపు తెస్తా.